దిద్దే యంత్రం, చదివే మనిషి

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము మూడో తరం వాళ్ళము. మా తాతగారు గోదావరి జిల్లాలో పుట్టి, మద్రాసు రేవులో ఓడ ఎక్కి, ఫిజీ దీవుల్లో చెరకు నరికిన కూలీ. మా నాయన అక్కడే పుట్టారు, మేమూ అక్కడే పుట్టాము. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత, మీలో ఎన్నో కుటుంబాల మాదిరిగానే మేమూ మూటాముల్లె సర్దుకొని ఆస్ట్రేలియా చేరాము. పగలు బడిలో లెక్కలు చెప్పాము. సాయంకాలాలు మన పిల్లలచేత అక్షరాలు దిద్దిస్తున్నాము. మాది సాయంకాలపు తరగతి తెలుగు. అందులో ఎక్కడైనా ఫిజీ యాస వినిపిస్తే పెద్దలు మన్నించాలని కోరుతున్నాము.

కార్యవర్గం వారు ఈసారి మాకు ఇచ్చిన విషయం కంప్యూటరు ప్రోగ్రాముల్లోని తప్పులను దిద్దిపెట్టే కృత్రిమ మేధ, దానిని తయారుచేసే కొత్త కంపెనీలు. ఇండియా నుంచి నేరుగా వచ్చి ఆ ఉద్యోగాలే చేస్తున్న సోదరులు ఈ హాలులో ఎందరో ఉన్నారు. వారుండగా లెక్కల పంతులు మాట్లాడటమేమిటని మీరు అనుకోవచ్చు. అయితే దిద్దడం మా వృత్తి. ముప్పై అయిదేళ్ళు ఎర్ర సిరాతో బ్రతికిన వాళ్ళము. మంచి దిద్దుబాటు ఎలా ఉంటుందో ఆ అనుభవంతో కొంత చెప్పగలమన్న ధైర్యంతో నిలబడ్డాము.

ఇంకొక కారణం కూడా ఉంది. మా తరగతికి వచ్చే పిల్లల తల్లులు ఈ మధ్య ఒకే ప్రశ్న వేస్తున్నారు. "మాస్టారూ, ప్రోగ్రాము రాసేదీ యంత్రమే, తప్పు దిద్దేదీ యంత్రమే అంటున్నారు. ఇక మావాడు కూర్చుని అది నేర్చుకోవడం దేనికండీ?" ఇది తేలిక ప్రశ్న కాదు. ఆ పిల్లవాడి కాలేజీ చదువు, ఆ ఇంటి డబ్బు, ఆ తల్లి ఆశ అన్నీ దీని జవాబు మీద ఆధారపడి ఉన్నాయి. మా జవాబు చివర మనవి చేస్తాము.

ముందు తప్పు అంటే ఏమిటో చూద్దాము. తెలుగు అచ్చాఫీసుల్లో ఒక పాత హాస్యం ఉంది. "అచ్చుతప్పులు" అన్న మాటే "అప్పుతచ్చులు" అని అచ్చయిందట! మనిషి దానిని చూసి నవ్వుకొని, సరిగానే చదువుకుంటాడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. చుక్కో, కామాయో తప్పితే చాలు, ప్రోగ్రాము ఆగిపోతుంది. లేదా ఆగకుండా నడుస్తూ తప్పుడు జవాబు ఇస్తుంది. ఆగిపోయే తప్పు కన్నా నడిచే తప్పు ప్రమాదకరం.

ఈ బాధ మన ఆస్ట్రేలియాకు కొత్త కాదు. 1949లో సిడ్నీలో ట్రెవర్ పియర్సీ బృందం నిర్మించిన కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపింది. దానిని తరువాత మెల్బోర్న్ విశ్వవిద్యాలయానికి తరలించి సైరాక్ అని పేరు పెట్టారు. అది 1964 వరకు పనిచేసింది. తొలితరం కంప్యూటర్లలో చెక్కుచెదరకుండా నేటికీ నిలిచి ఉన్నది అదే. మెల్బోర్న్‌లో మ్యూజియం వారు దానిని భద్రపరిచారు. ఆ రోజుల్లో ప్రోగ్రామును కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి యంత్రానికి ఇచ్చేవారు. రంధ్రం తప్పు చోట పడితే దాని మీద చిన్న కాగితం ముక్క అతికించేవారు. అందుకే ప్రోగ్రాము దిద్దుబాటుకు ఇంగ్లీషులో ప్యాచ్ అనే మాట ఈనాటికీ నిలిచింది. మన మాటలో చెప్పాలంటే అతుకు.

చాలాకాలం అతుకు వేయడం మనిషి పనిగానే ఉండేది. యంత్రం చేతనే అతుకు వేయించాలని 2009లో అమెరికాలో వెస్ట్లీ వైమర్, స్టెఫనీ ఫారెస్ట్ మొదలైనవారు జెన్‌ప్రోగ్ అనే పద్ధతిని చూపారు. అది తప్పున్న ప్రోగ్రాములో ఒక వాక్యం తీసివేసి చూస్తుంది, వేరొక చోటి వాక్యం తెచ్చి చేర్చి చూస్తుంది. ముందుగా ఇచ్చిన పరీక్షలన్నీ ఏ మార్పుతో నెగ్గితే ఆ మార్పును ఉంచుతుంది. రైతు మంచి విత్తనాన్ని ఏరుకొని, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరుకున్నట్లన్నమాట.

పంతుళ్ళమైన మాకు మరీ ముచ్చటైన ప్రయత్నం 2017లో బెంగుళూరులో జరిగింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాహుల్ గుప్తా, సోహం పాల్, ఆదిత్య కనాడే, శిరీష్ శెవాడే డీప్‌ఫిక్స్ అనే దానిని తయారుచేశారు. కాన్పూర్ ఐ.ఐ.టి.లో ప్రోగ్రాములు నేర్చుకుంటున్న విద్యార్థులు రాసిన సి భాషా ప్రోగ్రాములు, తప్పులతో సహా, 6,971 తీసుకొని పరీక్షించారు. అందులో 1,881 ప్రోగ్రాముల్లోని ఆ తప్పులన్నిటినీ, మరి 1,338 ప్రోగ్రాముల్లో కొన్నిటిని యంత్రం దిద్దగలిగింది. కుండలీకరణం మూయకపోవడం, వాక్యం చివర గుర్తు మరిచిపోవడం వంటి తప్పులవి. మా తరగతిలో దీర్ఘాలు, ఒత్తులు మరిచిపోయే పిల్లలు గుర్తుకు వచ్చారు.

పరిశోధనశాల నుంచి ఇది బజారుకు వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. 2016లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో విశ్వవిద్యాలయపు పరిశోధకులు డీప్‌కోడ్ అనే చిన్న కంపెనీ పెట్టారు. లోకంలో అందరికీ తెరిచి ఉంచిన ప్రోగ్రాముల్లో ఎవరు ఏ తప్పును ఎలా దిద్దారో ఆ చరిత్రనంతా యంత్రానికి చూపి, కొత్త ప్రోగ్రాములో అలాంటి తప్పు ఉంటే ఎత్తి చూపేలా చేశారు. 2020లో స్నిక్ అనే కంపెనీ దానిని కొన్నది. మనకు పొరుగున సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో అభిక్ రాయ్‌చౌదరి బృందం 2024లో ఆటోకోడ్‌రోవర్‌ను వెలువరించింది. "ఇక్కడ తప్పు జవాబు వస్తోంది" అని వాడుకరి రాసిన ఫిర్యాదును అది చదువుతుంది. ప్రోగ్రాములో ఏ భాగానికి ఆ ఫిర్యాదు సంబంధించిందో వెదుకుతుంది. చుట్టుపక్కల భాగాలు తిరగేసి, అతుకు రాసి చూపిస్తుంది. ఆ పేరుతోనే ఏర్పడిన చిన్న కంపెనీని 2025లో సోనార్ అనే పెద్ద కంపెనీ కొనుక్కుంది. ఇక హైదరాబాదులో పుట్టిన మన సత్య నాదెళ్ళ అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్ట్ 2018లో గిట్‌హబ్‌ను కొన్నది. 2021లో ఆ గిట్‌హబ్ నుంచి కోపైలట్ అనే సహాయకుడు వెలువడినాడు. ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు వాడు ఇప్పుడు బల్ల పక్కన కూర్చున్న తోటి విద్యార్థి లాంటివాడు.

ఎంత వేగంగా ఎదిగిందో చెప్పడానికి ఒక లెక్క చాలు. 2023లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు నిజమైన ప్రోగ్రాముల నుంచి 2,294 ఫిర్యాదులు ఏరి ఒక పరీక్ష పెట్టారు. అప్పటి మేటి యంత్రం నూటికి రెండు కూడా పరిష్కరించలేదు. 2024లో, అందులోనుంచి తీసిన 300 ఫిర్యాదుల చిన్న జాబితా మీద, ఆటోకోడ్‌రోవర్ నూటికి సుమారు 19 పరిష్కరించింది. 2025 నాటికి, మనుషులు సరిచూసి ఏరిన 500 ఫిర్యాదుల జాబితా మీద, మంచి యంత్రాలు నూటికి డెబ్భై దాటాయి. జాబితాలు వేరువేరు కనుక పక్కపక్కన పెట్టి పోల్చరాదు గాని, దారి ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. మా బడిలో రెండు మార్కులవాడు రెండేళ్ళలో డెబ్భై దాటితే మేము తలుపు మూసి సంగతేమిటని అడిగి ఉండేవాళ్ళము.

ఈ యంత్రాల వల్ల మేలు లేదని మేము అనడం లేదు. రాత్రి రెండింటిదాకా ఒక్క కామా కోసం కళ్ళు కాయలు కాచేలా వెదికే బాధ తప్పింది. పక్కన గురువు లేని పిల్లవాడికి ఓపిక గల గురువు దొరికాడు. పదిసార్లు అడిగినా విసుక్కోడు. ఆ సుగుణం మా అందరికీ ఉన్నదని చెప్పలేము!

అయినా ఎర్ర సిరా పట్టిన వాళ్ళముగా మూడు సంగతులు మీ ముందు పెట్టాలి.

మొదటిది, పరీక్ష నెగ్గడం వేరు, సరిగా చేయడం వేరు. జెన్‌ప్రోగ్ 105 తప్పుల్లో 55 దిద్దిందని 2012లో ప్రకటించారు. 2015లో అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు ఆ అతుకులను ఒక్కొక్కటిగా విప్పి చూశారు. నిజంగా సరైనవి రెండే తేలాయి. మిగిలినవాటిలో చాలా భాగం, తప్పు చేస్తున్న పనినే ప్రోగ్రాములోనుంచి తీసివేసినవి. పని లేకపోతే తప్పూ లేదు గదా! రాని లెక్కను రబ్బరుతో చెరిపేసి "నా నోటుబుక్కులో తప్పులు లేవండీ" అన్న పిల్లవాడిని చూడని పంతులు లేడు. నేటి యంత్రాలు జెన్‌ప్రోగ్ కన్నా ఎంతో తెలివైనవి, నిజమే. అయినా పరీక్షకు దొరికినంత మేరకే దిద్దాలనే గుణం వాటినీ పూర్తిగా వదలలేదు.

రెండవది, రాసినవాడి ఉద్దేశం తెలియనిదే దిద్దలేము. మా తరగతిలో ఒక పాప "మా అవ్వ నాకు పలు ఇచ్చింది" అని రాస్తుంది. అది పాలా, పళ్ళా? "పలు" అనేది కూడా తెలుగులో ఉన్న మాటే. పాలని దిద్దినా వాక్యం బాగుంటుంది, పళ్ళని దిద్దినా బాగుంటుంది. అవ్వ ఏమిచ్చిందో ఆ పాపనే అడగాలి. యంత్రం వేలకొద్దీ వాక్యాలు చదివి ఉంటుంది కనుక ఎక్కువమంది ఏమి రాస్తారో అదే ఊహిస్తుంది. ఎక్కువసార్లు ఆ ఊహ నిజమవుతుంది. నిజం కాని రోజున పళ్ళు తిన్న పిల్ల పాలు తాగినట్లు నోటుబుక్కులో శాశ్వతంగా నిలిచిపోతుంది, అదీ అందమైన వాక్యంలో.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా పని అన్యాయం కావచ్చు. దానికి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. మీలో చాలామందికి రోబోడెట్ అన్న పేరు గుర్తుండే ఉంటుంది. సంక్షేమ భత్యం తీసుకున్నవారిలో ఎవరు ఎక్కువ తీసుకున్నారో తేల్చడానికి ప్రభుత్వం 2016లో పెట్టిన యంత్రపు లెక్క అది. ఏడాది మొత్తానికి పన్నుల శాఖ వద్ద ఉన్న ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, ఆ సగటునే నిజమైన ఆదాయంగా పట్టుకుంది.

చిన్న లెక్క వేద్దాము, పిల్లలు కూడా వేళ్ళ మీద వేయండి. ఒకామె ఆరు నెలలు ఉద్యోగం చేసింది. 13 పక్షాలు, పక్షానికి 2,000 డాలర్లు, మొత్తం 26,000. తరువాత ఉద్యోగం పోయింది. మిగిలిన ఆరు నెలలు నిజాయితీగా నిరుద్యోగ భత్యం తీసుకుంది. యంత్రం 26,000ను 26తో భాగించింది. పక్షానికి 1,000 వచ్చింది. "భత్యం తీసుకున్న పక్షాల్లో కూడా నీకు 1,000 డాలర్ల సంపాదన ఉంది, తీసుకున్నది తిరిగి కట్టు" అని ఉత్తరం పంపింది. కాదని నిరూపించుకునే భారం ఆమె మీదే వేశారు. ఏళ్ళనాటి జీతపు చీటీలు ఎవరి వద్ద ఉంటాయి?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. భాగహారం సరైనదే. మా తరగతిలో అయితే పక్కన టిక్కు పెడతాము. ఏ దిద్దుబాటు యంత్రానికి ఆ ప్రోగ్రాము చూపించినా "తప్పులేమీ లేవు" అనే చెబుతుంది. తప్పు లెక్కలో లేదు, లెక్క వేయమన్న ఆజ్ఞలో ఉంది. "కంచే చేను మేసింది" అన్న వాక్యంలో వ్యాకరణ దోషం ఏముంది? చేను పోయిందన్న సంగతి వ్యాకరణానికి తెలియదు. 2019లో ఫెడరల్ కోర్టులో అటువంటి బాకీ ఒకటి చట్టవిరుద్ధమని తేలింది. 2021లో సామూహిక దావా పరిష్కారాన్ని ఆమోదించినప్పుడు, సుమారు 4 లక్షల 33 వేల మంది మీద సుమారు 176 కోట్ల డాలర్ల అక్రమ బాకీలు మోపినట్లు న్యాయమూర్తి నమోదు చేశారు. 2023 జూలైలో కాథరిన్ హోమ్స్ గారి రాయల్ కమిషన్ 57 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. ఆ ఉత్తరాలు అందుకొని కుంగి, ప్రాణాలు తీసుకున్న యువకుల తల్లులు ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ తల్లుల దుఃఖానికి ఏ అతుకూ సరిపోదు.

మంచి ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది గనుక అదీ చెప్పుకుందాము. 2009లో సిడ్నీలో నిక్టా అనే పరిశోధన సంస్థలో గెర్విన్ క్లైన్, గెర్నాట్ హైజర్, జూన్ ఆండ్రోనిక్ మొదలైనవారు ఎస్ఈఎల్ 4 అనే చిన్న ప్రోగ్రామును తీసుకున్నారు. కంప్యూటరు పనులన్నిటికీ పునాదిగా నిలిచే రకం అది. సి భాషలో సుమారు 8,700 వరుసలు. అది ఏమి చేయాలో ముందు స్పష్టంగా రాసుకున్నారు. తరువాత అది సరిగ్గా అదే చేస్తుందని, కొన్ని ముందస్తు షరతులకు లోబడి, గణితంతో రుజువు చేశారు. ఆ రుజువు దాదాపు రెండు లక్షల వరుసలయింది. రేఖాగణితంలో సిద్ధాంతం రుజువు చేసినట్లే! వారికీ యంత్రం సాయపడింది, రుజువులో ప్రతి మెట్టునూ అది సరిచూసింది. కాని "ఏది సరి" అన్న మొదటి పేజీని మనుషులే కూర్చుని, వాదించుకొని రాశారు.

ఆ మొదటి పేజీ ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు అన్నదే అసలు సంగతి. మన కుటుంబాలకు ఈ ప్రశ్న చరిత్రలో ఒకసారి ఎదురైంది. 1879 నుంచి 1916 వరకు అరవై వేల పైచిలుకు భారతీయులు కూలి ఒప్పందం మీద ఫిజీకి వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మన దక్షిణాది వాళ్ళూ వచ్చారు. ఇంగ్లీషులో అగ్రిమెంటు అన్న మాట మనవాళ్ళ నాలుక మీద గిర్మిట్ అయింది. అందులో రోజుకు ఎంత పని, ఎంత కూలి, ఎన్నేళ్ళు అన్నీ రాసే ఉన్నాయి. మా తాతగారికి చదువు రాదు. వేలిముద్ర వేశారు. ఆ కాగితంలో ఏమున్నదో అయిదేళ్ళు చెరకు తోటలో వంగి పనిచేస్తూ తెలుసుకున్నారు. తనకు పట్టిన గతి పిల్లలకు పట్టకూడదని మా నాయనను బడికి పంపారు. మన పెద్దలు తిండి తగ్గించుకొని బడులు కట్టింది అందుకే. మేము పంతులు కావడానికీ అదే కారణం.

కంప్యూటరు తెర మీద యంత్రం ఒక అతుకు చూపించి "అంగీకరిస్తున్నారా?" అని అడుగుతుంది. అక్కడ ఒక మీట ఉంటుంది. చదవకుండా ఆ మీట నొక్కడం ఈనాటి వేలిముద్ర. మా తాతగారికి వేరే దారి లేదు. మన మనుమలకు, మనుమరాళ్ళకు ఉంది. అందుచేత, ఆ తల్లుల ప్రశ్నకు మా జవాబు ఇది. అమ్మా, నీ బిడ్డ నేర్చుకోవాలి. రాయడానికి యంత్రం సాయం చేయవచ్చు, దిద్దడానికీ చేయవచ్చు. రాసినదానిని చదివి, ఇది ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడిగే మనిషి కావాలి. చదవడం రానివాడు అడగలేడు.

ఇక ఇంట్లో ఏమి చేయవచ్చో చెప్పి ముగిస్తాము. చిన్నారులారా, యంత్రం దిద్దిన ప్రతిసారీ ముందు ఏమున్నదో, తరువాత ఏమయిందో పక్కపక్కన పెట్టి చదవండి. ఎందుకు మార్చిందో మీ మాటల్లో చెప్పగలిగితేనే ఒప్పుకోండి. పరీక్షలు నెగ్గినా, ఏదైనా పని మాయమయిందేమో చూడండి. తరువాత ఆ దిద్దుబాటును మీ అవ్వకో తాతకో తెలుగులో వివరించండి. "ఈ వరుస జీతాన్ని ఏడాదికి పంచుతోంది అవ్వా" అని మీరు చెబితే, "ఏడాదంతా పని దొరకని వాళ్ళ సంగతేమిట్రా?" అని ఆవిడ అడగవచ్చు. ప్రోగ్రాము అంటే ఏమిటో తెలియని ఆ అవ్వ అడిగిన ప్రశ్నను ఏ యంత్రమూ అడిగి ఉండేది కాదు. దీనివల్ల మీకు తెలుగు వస్తుంది, ఆవిడకు మనుమడి పని తెలుస్తుంది.

పెద్దలారా, పిల్లలు అలా వచ్చి చెప్పినప్పుడు "మాకేం తెలుసు నాయనా" అని పంపించివేయకండి. రెండు ప్రశ్నలు వేయండి. ఐ.టి. ఉద్యోగాల్లో ఉన్న సోదరులకు ఒక మనవి. నెలకు ఒక సాయంకాలం మా తరగతికి రండి. మీరు కోడు చదవడం నేర్పండి, మేము వత్తులూ దీర్ఘాలూ నేర్పుతాము. బల్లలు, సుద్దముక్కలు, వేడి వేడి టీ మేము ఏర్పాటు చేస్తాము.